పక్క చక్రాలా, నాన్న చెయ్యా, పెడళ్ళు లేని సైకిలా: ఏది మేలు?

పిల్లలకు నాలుగైదేళ్ళు వచ్చాయంటే చాలు, తండ్రులు నన్ను ఒకటే అడుగుతుంటారు. పక్క చక్రాలు ఉంచాలా, వాటిని తీసేసి మనమే సీటు పట్టుకుని వెంట పరిగెత్తాలా, లేక పెడళ్ళు లేని చిన్న సైకిల్ కొనాలా అని. ఈ మధ్య మా చిన్నమ్మాయి వంతు రావడంతో మూడింటినీ మరోసారి బేరీజు వేసుకోవలసి వచ్చింది.

నేను చూసేది ముఖ్యంగా ఒక్కటే. సైకిల్ ఒరిగినప్పుడు దాన్ని నిలబెడుతున్నది ఎవరు?

సైకిల్ ఎడమకు ఒరిగితే హ్యాండిల్‌ను కొద్దిగా ఎడమకే తిప్పాలి. అప్పుడు చక్రాలు మళ్ళీ మన బరువు కిందికి వచ్చి చేరతాయి, సైకిల్ లేచి నిలబడుతుంది. కొత్తగా ఎక్కిన పిల్లల చేతులు సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తాయి. పడబోయే వైపు నుంచి తప్పించుకోవాలని హ్యాండిల్‌ను అవతలికి లాగుతాయి, దాంతో ఇంకా తొందరగా పడతారు. ఇది నోటితో చెబితే వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి తొక్కుతున్న పెద్దవాళ్ళను అడిగినా ఎలా నిలబడుతున్నారో చాలామంది చెప్పలేరు. చేతులకు అలవాటు కావాలంతే. అది కావాలంటే సైకిల్ ఒరగాలి, ఆ ఒరుగును పిల్ల చేతులే సరిచేయాలి.

ఇక్కడే పక్క చక్రాలు తేలిపోతాయి. అవి ఉన్నంతకాలం సైకిల్ ఒరగనే ఒరగదు, పేరుకు సైకిలే కానీ అది మూడు చక్రాల బండే. మలుపు దగ్గర చూడండి. మామూలు సైకిల్ మలుపు లోపలికి వాలుతుంది. పక్క చక్రాలున్నది వాలలేదు కాబట్టి పిల్లవాడి ఒళ్ళు బయటికి తూలుతుంది, హ్యాండిల్‌ను కారు స్టీరింగులా తిప్పడం అలవాటవుతుంది. తరవాత ఆ అలవాటును వదిలించుకోవాలి. వాటిని కొంచెం కొంచెంగా పైకి లేపి బిగిస్తే సరిపోతుందంటారు కొందరు. అప్పుడు పిల్లలు ఒక పక్క చక్రం మీదికి బరువు వేసి హాయిగా తొక్కుకుపోతారు!

అలాగని పక్క చక్రాలు బొత్తిగా దండగని అనను. తొక్కడం, బ్రేకు వేయడం వాటితోనే వచ్చేస్తాయి. మొదటి రోజే తిరగగలనన్న సంబరం పిల్లలకు, కూర్చునే తీరిక నాన్నకు దక్కుతాయి. నిలకడ విషయంలో నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లలకు అవే దారి కావచ్చు. మిగతావాళ్ళకు మాత్రం అసలు చదువును వాయిదా వేయడమే.

ఇక నాన్న చెయ్యి. అది ఎక్కడ పట్టుకుందన్నదాన్ని బట్టే ఫలితం. హ్యాండిల్ పట్టుకుంటే సైకిల్ నడుపుతున్నది నాన్నే, పిల్ల ఊరికే పైన కూర్చుంది. సీటు పట్టుకుంటే కొంత నయం. కానీ సైకిల్ ఒరిగిన ప్రతిసారీ నాన్న మణికట్టే ముందు లాగేస్తుంది, పిల్ల చేతుల దాకా పని రాదు. పైగా చిన్న సైకిల్ సీటు నాన్న మోకాలి దగ్గర ఉంటుంది. వంగి పరిగెత్తితే రెండో రోజుకే నడుము పట్టేస్తుంది. అన్నిటికంటే మేలు సైకిల్‌ను ముట్టుకోకుండా పిల్ల భుజాల దగ్గరో చంకల కిందో తేలికగా పట్టుకోవడం. సైకిల్‌కు ఒరిగే వీలుంటుంది, పిల్లకు పడిపోనన్న ధైర్యం ఉంటుంది.

"పట్టుకునే ఉన్నానమ్మా" అంటూ చెయ్యి వదిలేసే ఆ పాత అబద్ధం నాకు నచ్చదు. ఒకసారి పనిచేస్తుంది. మర్నాటి నుంచి పిల్ల నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూస్తుంది. తల తిరిగితే హ్యాండిలూ తిరుగుతుంది.

మా ఇంట్లో చివరికి పెడళ్ళు విప్పేశాను. ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవు, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడమే. పెడళ్ళ సైకిళ్ళు ఫ్రాన్స్‌లో పేరు తెచ్చుకున్నది 1860లలో. రెండేళ్ళ పసివాళ్ళకైతే పెడళ్ళు లేకుండానే చేసిన బుల్లి సైకిల్ బాగుంటుంది. నాలుగు దాటినవాళ్ళకు వేరే కొనడం ఎందుకు? ఉన్నదాని పెడళ్ళు తీస్తే అదే ఇది. సాధారణంగా 15 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. కుడి పెడల్ మామూలుగానే వస్తుంది. ఎడమదానికి మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలం కొద్దీ బిగించేసి, సైకిలే పాడైందనుకునేవాళ్ళున్నారు.

రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించండి. మొదట పిల్ల సీటు మీద కూర్చుని ఊరికే నడుస్తుంది. తరవాత అంగలు సాగుతాయి. ఒక క్షణం రెండు కాళ్ళూ లేస్తాయి. అప్పుడు ముందు చక్రం వైపు చూడండి. మొదట్లో హ్యాండిల్ అటూ ఇటూ పెద్దగా ఊగుతుంది, రోజులు గడిచేకొద్దీ ఆ ఊపు సన్నబడుతుంది. నేర్చుకుంటున్నవి ఆ చేతులే. గడ్డి మీద దెబ్బ తగలదని అక్కడికి తీసుకెళ్తారు కానీ చక్రం దొర్లదు, వేగం లేనిదే నిలకడ రాదు. గట్టి నేల, కనిపించీ కనిపించని వాలు, తలకు హెల్మెట్ ఉంటే చాలు.

మూడు చక్రాల సైకిల్ ఆటవస్తువు, ఈ పోటీలో లేదు. ఎలాగూ ఎదుగుతారు కదా అని పెద్ద సైకిల్ మీద నేర్పడం కాలు నేలకందని భయాన్ని నేర్పడమే.

కాళ్ళు ఎత్తి, మలుపు కూడా తిరిగి, బ్రేకు వేసి ఆగగలిగితే పెడళ్ళు బిగించేయవచ్చు. సీటు అప్పుడే పైకి లేపకండి. బయలుదేరడమే కొత్తగా నేర్పాలి. ఒక పెడల్‌ను ముందుకు, కొంచెం పైకి ఉంచి ఆ కాలితో గట్టిగా తొక్కి, రెండో కాలు నేల మీంచి తీయాలి. ఎనిమిది తొమ్మిదేళ్ళవాళ్ళు పెడళ్ళు లేని సైకిల్ ఎక్కడానికి సిగ్గుపడితే బలవంతపెట్టకండి. సీటు దించి, భుజాల దగ్గర పట్టుకుని మీరే వెంట నడవండి.