కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ కెరీర్ మోడ్: ఒక్కో ప్రయోగంతో నాలుగు పనులు

రాకెట్లు కట్టి ఎగరేసే కంప్యూటర్ ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2011లో తొలిసారి జనం చేతికి వచ్చినప్పుడు అందులో నిధుల లెక్క గానీ కాంట్రాక్టులు గానీ లేవు. భాగాలను కలిపి రాకెట్ కట్టడం, ఎగరేయడం, ఎందుకు కూలిందో చూసుకోవడం, అంతే. 2015 ఏప్రిల్‌లో 1.0 వెర్షన్ విడుదలయ్యేనాటికి, నిధులు, కాంట్రాక్టులు చూసుకుంటూ ఆడే కెరీర్ మోడ్ నిండుగా తయారైంది. 2021లో వచ్చిన 1.12 వెర్షన్ ఈ ఆటకు చివరి పెద్ద మార్పు కావడంతో, నేను ఇప్పుడు సమీక్షిస్తున్నది ఇకపై పెద్దగా మారబోని, స్థిరపడిన ఆట. అమలాపురం దగ్గరి పల్లెలో ఉంటూ, పగలంతా ధాన్యం మిల్లులో జమాఖర్చులు చూసే నేను ఈ మోడ్‌ను కొన్నేళ్లుగా ఆడుతున్నాను. ఒక కెరీర్ ముగిశాక మరొకటి మొదటినుంచి ఆరంభిస్తూ, ఏ వరుసలో ముందుకు సాగితే శ్రమ వృథా కాదో తేల్చుకోవడానికి ప్రయత్నించాను. ఆ వరుస గురించే ఈ సమీక్షలో ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే కెరీర్ మోడ్ బాగుందా లేదా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇందులో మనం సంపాదించేవి మూడు: నిధులు, సైన్స్ పాయింట్లు, పేరు. నిధులతో రాకెట్లు కట్టి, భవనాలను పెంచుతాము. సైన్స్‌తో కొత్త భాగాలను తెచ్చుకుంటాము. పేరు పెరిగేకొద్దీ పెద్ద కాంట్రాక్టులు వస్తాయి. సాధారణ స్థాయిలో ఆట మొదలుపెడితే చేతిలో 25,000 ఉంటాయి. కొత్తగా ఆడేవారు ఎక్కువసార్లు ప్రయోగిస్తే వేగంగా ఎదుగుతామని అనుకుంటారు గానీ, నా అనుభవంలో వేగం వచ్చేది ప్రయోగాల సంఖ్య నుంచి కాదు, ఒకే ప్రయోగం మూడు నాలుగు పద్దుల్లో జమ తెచ్చిపెట్టడం నుంచి. ఒక ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే కాంట్రాక్టు, అదే దారిలో ఏదో ఒక భాగాన్ని పరీక్షించే కాంట్రాక్టు, అంతరిక్షం నుంచి సమాచారం పంపే కాంట్రాక్టు మూడూ ఒకే రాకెట్‌తో తీరేలా కూర్చుకోగలిగితే, కాంట్రాక్టుకో రాకెట్ చొప్పున అయ్యే ఖర్చులో పెద్ద భాగం మిగులుతుంది.

మొదట్లో మనల్ని ఆపేది డబ్బు కంటే భవనాల పరిమితులే. తొలి స్థాయి ప్రయోగ వేదిక 18 టన్నులకు మించిన రాకెట్‌ను మోయదు. వెహికల్ అసెంబ్లీ బిల్డింగ్‌లో 30 భాగాలకు మించి కలపలేము. మిషన్ కంట్రోల్‌లో ఒకేసారి రెండు కాంట్రాక్టులే పట్టుకోగలము. వీటిలో మొదట పెంచవలసింది ప్రయోగ వేదిక అని నా అభిప్రాయం. సాధారణ స్థాయిలో సుమారు 75,000 అయ్యే ఆ ఒక్క ఖర్చుతో పరిమితి 140 టన్నులకు చేరుతుంది, 30 భాగాల హద్దులోనే ఉండి కూడా కక్ష్యకు తేలిగ్గా చేరవచ్చు. ఆ తరువాత మిషన్ కంట్రోల్‌కు మరో 75,000, ట్రాకింగ్ స్టేషన్‌కు లక్షన్నర వరకు పెట్టాలి. ఈ రెండూ కలిసి రెండో స్థాయికి చేరితేనే మెనూవర్ నోడ్లు అందుబాటులోకి వస్తాయి, అంటే ఎప్పుడు, ఎటువైపు, ఎంతసేపు ఇంజిన్ మండించాలో పటం మీద ముందే గీసుకునే వీలు కలుగుతుంది. అది లేకుండా చంద్రుడి లాంటి మున్‌కు గురిపెట్టి వెళ్లడం అసాధ్యం కాదు, కానీ అంచనా తప్పి వృథాగా కాల్చే ఇంధనం చాలా ఎక్కువ. ఆస్ట్రనాట్ కాంప్లెక్స్‌ను కూడా త్వరగానే పెంచుకోవాలి, ఎందుకంటే అంతవరకు మన వ్యోమగాములు అంతరిక్షంలో నౌక బయటికి అడుగుపెట్టలేరు.

ఆటలో మనం బయలుదేరే కెర్బిన్ అనే గ్రహానికి వాతావరణం 70 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉంటుంది, కక్ష్య చేరడానికి సుమారు 3,400 మీటర్లు ప్రతి సెకనుకు డెల్టా-వి, అంటే ఇంధనం మండించి వేగాన్ని మార్చుకోగల శక్తి, కావాలి. ఇక్కడ పొదుపంతా రాకెట్ ఎలా ఒరుగుతుందన్నదానిలో ఉంది. నిట్టనిలువుగా పైకి పోయి, ఆపైన పక్కకు తిరిగేవారు గురుత్వాకర్షణతో పోట్లాడుతూ ఇంధనం పోగొట్టుకుంటారు. సెకనుకు వంద మీటర్ల వేగం దాటకముందే తూర్పు వైపు కొద్దిగా వంచి, పది కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి దాదాపు 45 డిగ్రీలకు చేరేలా వదిలితే, చిన్న రాకెట్ కూడా కక్ష్యకు చేరుతుంది. పై దశకు టెరియర్ ఇంజిన్ చేతికి రాగానే దాన్నే వాడాలి. శూన్యంలో దాని సామర్థ్యం ముందు మొదట్లో దొరికే ఇతర ఇంజిన్లు నిలబడవు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అందరూ ముందుగా మున్ మీద దిగాలనుకుంటారు, ఎందుకంటే అది దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. నేను మాత్రం మనుషులతో తొలిసారి దిగవలసింది కెర్బిన్‌కు మరో చందమామ అయిన మిన్మస్ మీద అని గట్టిగా చెబుతాను. మిన్మస్ నాలుగింతల దూరంలో ఉంది, దాని కక్ష్య 6 డిగ్రీలు ఒరిగి ఉంది, నిజమే. కానీ కెర్బిన్ కక్ష్య నుంచి మున్‌కు బయలుదేరడానికి సెకనుకు 860 మీటర్ల డెల్టా-వి ఖర్చయితే మిన్మస్‌కు 930 అవుతుంది, తేడా 70 మాత్రమే. కక్ష్య నుంచి నేల మీదికి దిగడానికి మున్ దగ్గర సుమారు 580 కావాలి, మిన్మస్ దగ్గర 180 చాలు. తిరిగి లేచి ఇంటికి రావడానికి కూడా బాగా ఆదా అవుతుంది. మా చెల్లెలి కొడుకు మొదటిసారి నా పక్కన కూర్చుని చూస్తూ, "మావయ్యా, ఇంజిన్ ఆపేసినా ఇది ఇంత మెల్లగా దిగుతోందేమిటి?" అని అడిగాడు. మిన్మస్ ఉపరితల గురుత్వం కెర్బిన్‌లో ఇరవయ్యో వంతే కాబట్టి, దిగడంలో తడబడినా సరిదిద్దుకునే సమయం దొరుకుతుందని, నేర్చుకునేవారికి అంతకంటే మంచి చోటు లేదని అతనికి చెప్పాను. పైగా అక్కడి విశాలమైన చదును మైదానాలు సరిగ్గా సున్నా ఎత్తులో ఉంటాయి. ఎత్తు చూపే మీటరులో ఎంత కనిపిస్తే నేల అంత దూరంలో ఉన్నట్టే.

లాభం దిగడంలోనే కాదు, సైన్స్‌లోనూ ఉంది. నేల మీద చేసిన ప్రతి శాస్త్ర పరీక్షకు మున్ దగ్గర నాలుగు రెట్లు లెక్కగడితే మిన్మస్ దగ్గర ఐదు రెట్లు లెక్కగడతారు. మిన్మస్ మీద తొమ్మిది రకాల ప్రాంతాలున్నాయి, ఒక్కో ప్రాంతంలో తీసిన మట్టి నమూనా వెనక్కి తెస్తే సుమారు 150 పాయింట్లు వస్తాయి. వ్యాసార్థం 60 కిలోమీటర్లే ఉన్న గోళం కాబట్టి, మిగిలిన ఇంధనంతో ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి ఎగిరి దూకవచ్చు. అయితే మట్టి నమూనా తీయాలంటే పరిశోధన భవనం రెండో స్థాయికి చేరాలి, దానికి దాదాపు నాలుగున్నర లక్షలు అవుతుంది. ఆ మొత్తం చూసి వాయిదా వేయాలనిపిస్తుంది గానీ, మిన్మస్ యాత్రకు ముందే ఆ ఖర్చు పెట్టుకోవడం మంచిది. ఆ యాత్రకు ఆటలోని వ్యోమగాముల్లో శాస్త్రవేత్త అయిన బాబ్‌ను పంపాలి. ఒకసారి వాడి పనికిరాకుండా పోయిన గూ డబ్బాలు, మెటీరియల్స్ బే అనే శాస్త్ర పరికరాలను మళ్లీ సిద్ధం చేయగలిగేది శాస్త్రవేత్తే. బాబ్‌కు నౌకను నిలకడగా పట్టే నైపుణ్యం లేదు కాబట్టి, ఆ పని చేసే ప్రోబ్ కోర్ (మనిషి లేకుండా నౌకను నడిపే భాగం) ఒకటి తప్పకుండా అమర్చాలి.

నిధుల విషయంలో నాకు బాగా ఫలించిన పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. మున్ చుట్టూ ఒకటి, మిన్మస్ చుట్టూ ఒకటి, సౌర ఫలకాలు, యాంటెన్నా, థర్మామీటరు ఉన్న చిన్న ఉపగ్రహాన్ని శాశ్వతంగా వదిలిపెట్టాలి. ఆ గోళాల చుట్టుపక్కల అంతరిక్షం నుంచి శాస్త్రీయ సమాచారం పంపమని కాంట్రాక్టు వచ్చిన ప్రతిసారీ ఆ ఉపగ్రహాన్ని తెరిచి, ఉష్ణోగ్రత తీసి పంపితే చాలు, ఆ కాంట్రాక్టు తీరిపోతుంది. ఆ సమాచారానికి అప్పటికి సైన్స్ విలువ మిగలకపోయినా డబ్బు మాత్రం వస్తుంది. ఈ ఉపగ్రహాలను కూడా ఏదో ఒక ఉపగ్రహ కాంట్రాక్టు పేరునే పంపితే, వాటిని పంపే ఖర్చు కూడా తిరిగివస్తుంది. భాగాల పరీక్ష కాంట్రాక్టుల్లో మరో సదుపాయం ఉంది: ఇంకా సైన్స్‌తో తెచ్చుకోని భాగాన్ని పరీక్షించమని ఇస్తే, కాంట్రాక్టు ముగిసేదాకా దాన్ని వాడుకోవచ్చు. మంచి ఇంజిన్ ఇలా చేతికొస్తే పరీక్ష వెంటనే పూర్తి చేయకుండా కొంతకాలం ఉంచుకోవడం లాభం.

వ్యోమగాముల నియామకం ఖర్చు ఒక్కొక్కరికీ పెరుగుతూ పోతుంది. అందుకే కక్ష్యలో చిక్కుకున్నవారిని కాపాడే కాంట్రాక్టులను నేను ఎప్పుడూ వదలను. కాపాడినందుకు డబ్బు వస్తుంది, కాపాడబడినవారు ఏ నియామక ఖర్చూ లేకుండా మన బృందంలో చేరతారు. ఖాళీ సీటు ఉన్న నౌకను ప్రోబ్ కోర్‌తో పంపితే చాలు. మరో నౌకకు దగ్గరగా చేరడం ఇక్కడే నేర్చుకుంటాము, తరువాత డాకింగ్, అంటే రెండు నౌకలను కలపడం, చేసేటప్పుడు అదే పనికొస్తుంది.

గ్రహాంతర యాత్రల దగ్గర మాత్రం డబ్బు కంటే తేదీ ముఖ్యం. కెర్బిన్ నుంచి ఎర్రటి డ్యూనా గ్రహానికి వెళ్లడానికి అనువైన సమయం కెర్బిన్ సంవత్సరాల్లో రెండేళ్లకు పైగా వ్యవధిలో ఒకసారి వస్తుంది, డ్యూనా మనకంటే సుమారు 44 డిగ్రీలు ముందున్నప్పుడు. గోదావరి డెల్టాలో సార్వా, దాళ్వా రెండూ కాలువలకు నీళ్లు వదిలే తేదీని బట్టే నడిచినట్టు, ఇక్కడి ప్రణాళికంతా ఈ తేదీ చుట్టూ అల్లుకోవాలి. నారు ముందే సిద్ధంగా ఉండాలి, నీళ్లు వచ్చాక వెతుక్కుంటే ఆ పంట పోయినట్టే. ఆ సమయానికి ముందే రెండు మూడు నౌకలను కెర్బిన్ కక్ష్యలో నిలిపి ఉంచి, ఒకదాని వెంట ఒకటి పంపితే ఒకే అదనులో అన్ని డ్యూనా కాంట్రాక్టులూ పూర్తవుతాయి. బరువైన నౌకకు చిన్న ఇంజిన్ ఉంటే ఒకే దెబ్బతో బయలుదేరకుండా, కెర్బిన్‌కు అతి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ కొద్దికొద్దిగా మండించి కక్ష్యను సాగదీయడం మేలు. 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 చంద్రుడి వైపు కదిలింది ఈ పద్ధతిలోనే. ఆటలో అదే చేసి చూశాక, ఆ యాత్రకు అన్ని రోజులు ఎందుకు పట్టిందో నాకు కాగితం మీది లెక్కల కంటే స్పష్టంగా తెలిసింది.

లోపాలు చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. కాంట్రాక్టులు యాదృచ్ఛికంగా పుడతాయి. ఒక యాత్రకు సరిపోయే మూడు కాంట్రాక్టులు ఒకేసారి దొరకడానికి కొన్నిసార్లు చాలా ఎదురుచూడాలి, కొన్నిటికి చెల్లించే మొత్తం పడే శ్రమకు ఏమాత్రం తగదు. సైన్స్‌తో భాగాలు తెరుచుకునే వరుస, అంటే సాంకేతిక వృక్షం, మనుషులున్న క్యాప్సూల్‌తో మొదలై, మనుషుల్లేని ప్రోబ్‌ను ఆ తరువాత ఇస్తుంది. నిజ చరిత్రలో 1957లో స్పుత్నిక్ వెళ్లాక 1961లో గగారిన్ వెళ్లారు. ఈ తలకిందుల వరుస పిల్లలకు చరిత్ర చెప్పాలనుకునేవారిని నిరాశపరుస్తుంది. అడ్మినిస్ట్రేషన్ భవనంలోని వ్యూహాలు, నా అనుభవంలో, ఆటను పెద్దగా మార్చవు. అన్నిటికంటే పెద్ద లోటు చివర్లో వస్తుంది. మిన్మస్ దగ్గర ఒక పరిశోధనశాలను నిలిపి, సేకరించిన సమాచారాన్ని అందులో వేసి, కాలాన్ని ముందుకు జరిపితే, ఒక్కో సమాచార అంశానికి ఐదు సైన్స్ చొప్పున కూర్చున్నచోటే వచ్చిపడుతుంది. గ్రహాలకు వెళ్లకుండానే వృక్షమంతా పూర్తయిపోతుంది. నేను ఆ పరిశోధనశాలను కట్టుకుంటాను గానీ, కనీసం డ్యూనా మీద దిగేదాకా వాడను.

ఆట ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్ అవసరం లేకపోవడం మా ప్రాంతానికి బాగా కలిసొచ్చింది. వానాకాలంలో గాలివానకు కరెంటు, నెట్ రెండూ పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు ఆడవచ్చు, ఎప్పటికప్పుడు ఎఫ్5 నొక్కి భద్రపరుచుకుంటే చాలు. భాగాలు రెండు మూడు వందలు దాటిన నౌకలు మాత్రం మామూలు ల్యాప్‌టాప్‌ను బాగా నెమ్మదింపజేస్తాయి కాబట్టి, తక్కువ భాగాలతో కట్టే అలవాటు నిధులకూ యంత్రానికీ మేలు చేస్తుంది. 2023లో ముందస్తు రూపంలో వచ్చిన రెండో ఆటలో ఇక్కడున్నట్టు నిధులతో నడిచే కెరీర్ లేదు, కనుక ఈ తరహా ఆట కోరుకునేవారు మొదటిదే కొనుక్కోవాలి. తెలుగులో ఆట లేదు. ఇంటర్ చదివే పిల్లలు ఆడతామంటే పక్కన ఒకరు కూర్చుని తొలి కక్ష్య దాకా తోడుంటే సరిపోతుంది, ఆపైన వాళ్లే ముందుకు పోతారు. మొదలుపెట్టేవారు సాధారణ స్థాయినే ఎంచుకోండి, ప్రయోగం చెడితే వెనక్కి తిప్పే వెసులుబాటును తీసేయకండి, కఠిన స్థాయిని రెండో కెరీర్‌కు ఉంచుకోండి.