రెండున్నరేళ్లుగా బీచ్ రోడ్డులో: యువత రన్నింగ్ క్లబ్‌పై నా సమీక్ష

విశాఖలో 18 నుంచి 30 ఏళ్ల లోపు వాళ్ల కోసం నడుస్తున్న ఒక రన్నింగ్ క్లబ్‌లో నేను 2023 జూన్‌లో చేరాను. కాలు నొప్పితో ఏడు వారాలు, అక్క పెళ్లికి రెండు వారాలు మానేశాను. మిగతా రోజులన్నీ వారానికి మూడుసార్లు చొప్పున వెళ్తూనే ఉన్నాను. చేరితే బాగుంటుందా, అమ్మాయిలకు ఇబ్బంది ఉండదా, అసలు పరుగు రాని వాళ్లను రానిస్తారా అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. వాళ్లందరికీ కలిపి ఒకచోట రాస్తున్నాను. ఇందులో నా ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి క్లబ్ పేరు రాయడం లేదు. ఆ ఫిర్యాదులు వాళ్లకు నేరుగానే చెప్పాను.

చేరేటప్పటికి నాకు 22 ఏళ్లు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ఎంవీపీ కాలనీలో గది, పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీ. నడుము పట్టేసేది, రాత్రి నిద్ర పట్టేది కాదు. అంతకుముందు మూడుసార్లు ఒంటరిగా పరుగు మొదలుపెట్టి మూడుసార్లూ పది రోజుల్లోపే మానేశాను. వీధి కుక్కలు ఒక కారణం, చీకట్లో ఒక్కదాన్నే వెళ్లడం భయం, అన్నిటికన్నా ముఖ్యంగా రెండు నిమిషాలకే ఆయాసం వచ్చి ఇది నా వల్ల కాదనిపించడం.

మొదటి రోజు 5:15కి ఆర్.కె. బీచ్ కాళీ గుడి దగ్గరికి వెళ్లాను. నలభై మంది దాకా ఉన్నారు. వార్మప్ చేయించి బయల్దేరారు. కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియం ఇంకా రానేలేదు, నాకు ఊపిరి అందలేదు. అందరూ ముందుకు వెళ్లిపోయారు. సిగ్గుతో వెనక్కి తిరిగి గదికి పోదామనుకుంటుంటే పక్కన ఒక అక్క నడుస్తోంది. "నువ్వు పరిగెడితే పరిగెడతా, నడిస్తే నడుస్తా. ఇవాళ ఆఖర్న ఉండే డ్యూటీ నాది" అంది. దీన్ని స్వీపర్ అంటారని తర్వాత తెలిసింది. గుంపులో చివరి మనిషి వెనక ఎప్పుడూ క్లబ్ మనిషి ఒకరు ఉండాలి, చివరి మనిషిని దాటి ముందుకు పోకూడదు. అది వాళ్ల నియమం. మేమిద్దరం నడుచుకుంటూ తిరిగొచ్చేసరికి అందరూ అక్కడే ఉన్నారు. చివరి వాళ్లు వచ్చేదాకా స్ట్రెచింగ్ మొదలుపెట్టరు. నా కోసం అంతమంది ఆగడం చూసి, బుధవారం మళ్లీ వెళ్లాను.

రెండున్నరేళ్ల తర్వాత కూడా ఈ క్లబ్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే. కోచింగ్, టీషర్టులు, ఫొటోలు, పోటీలు అన్నీ దీని తర్వాతే. మీరు ఏ ఊళ్లో ఏ క్లబ్‌కు వెళ్లినా మొదటి రోజు ముందు పరిగెత్తేవాళ్లను చూడకండి. చివర్లో ఉన్న మనిషి దగ్గర ఎవరున్నారో చూడండి. ఎవరూ లేకపోతే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ క్లబ్ పనికిరాదు. అక్కడ ఎంత గొప్ప కోచ్ ఉన్నా సరే.

నేర్పే పద్ధతి గురించి చెప్తాను. కొత్తవాళ్లకు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అలా పది సార్లు. రెండు మూడు వారాలకోసారి పరుగు కొంచెం పెంచి నడక తగ్గిస్తారు. పరుగును, నడకను ఇలా కలపడాన్ని ప్రపంచమంతా వ్యాప్తిలోకి తెచ్చిన జెఫ్ గాలోవే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అథ్లెట్. అంతటివాడే నడవమన్నాడంటే నడవడంలో సిగ్గేముంది అని మా కోచ్ అనేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు: పరిగెడుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. నేను ఒంటరిగా మూడుసార్లు ఎందుకు మానేశానో నాకప్పుడు అర్థమైంది. ప్రతిసారీ బస్సు కోసం పరిగెత్తినట్టు పరిగెత్తాను. నా అసలు వేగం కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలని, అది తప్పు కాదని ఎవరూ చెప్పలేదు. పదకొండో వారంలో 5 కిలోమీటర్లు ఆగకుండా పూర్తి చేశాను. 43 నిమిషాలు పట్టింది. ఆ రోజు అమ్మకు ఫోన్ చేసి చెప్తుంటే గొంతు పట్టేసింది.

విశాఖలో పరిగెత్తడం అంటే సముద్రం పక్కన హాయిగా ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. హాయి డిసెంబరు, జనవరి నెలల్లో. మిగతా రోజుల్లో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒంట్లో వేడి తగ్గుతుంది. ఆరకపోతే థర్మామీటరు ఏం చూపించినా ఒళ్లు కాలిపోతూనే ఉంటుంది. పైగా మనది తూర్పు తీరం. మే నెలలో ఐదున్నర లోపే సూర్యుడు సముద్రంలోంచి నేరుగా ముఖం మీదికి వస్తాడు. ఆరున్నరకి బీచ్ రోడ్డు మీద నిలబడడమే కష్టం. అందుకే ఏప్రిల్ నుంచి మా క్లబ్ 4:45కే మొదలుపెడుతుంది. ఆంధ్రా యూనివర్సిటీ వైపు చెట్ల నీడ ఉన్న రోడ్లకు మారుతుంది. వేగం పట్టించుకోవద్దని, వాచీ చూడొద్దని గట్టిగా చెప్తారు. ఇది మంచి పని. మొదటి వేసవిలో నా వేగం కిలోమీటరుకు దాదాపు నిమిషం పడిపోతే నాకేదో జబ్బు చేసిందని టెన్షన్ పడ్డాను. నవంబరు వచ్చేసరికి అదే తిరిగొచ్చింది.

పొద్దున కొన్ని గంటలు కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేయడం మనకున్న పెద్ద వరం. హైదరాబాద్‌లో ఉన్న మా కజిన్ ఫ్లైఓవర్ల కింద బస్సుల పొగ పీలుస్తూ పరిగెత్తేది. ఒకసారి ఇక్కడికొచ్చి మాతో పరిగెత్తి, రోడ్డంతా మీదేనా అని నోరు తెరిచింది. ఆ రోడ్డు సమతలంగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు బాగుంటుంది. కొంచెం అలవాటయ్యాక శుక్రవారాల్లో పాండురంగాపురం డౌన్ అనే ఏటవాలు రోడ్డులో ఎత్తు ఎక్కిస్తారు. ఆరు సార్లు పైకి పరుగు, ఆరు సార్లు కిందికి నడక. నాకు ఇప్పటికీ ఇష్టం లేనిది, ఒప్పుకోక తప్పనంత ఉపయోగపడింది ఇదే.

ఇసుకలో పరిగెత్తితే కాళ్లకు బలం అని చాలామంది చెప్తారు. కొత్తవాళ్లు ఇసుకలోకి దిగొద్దు. అలల అంచున ఇసుక ఒకవైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మా బ్యాచ్‌లో ఇద్దరికి అలాగే చీలమండ బెణికింది.

ఇప్పుడు నా కాలు సంగతి. ఇది నా పెద్ద ఫిర్యాదు. చేరిన ఎనిమిదో నెలలో ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు) 8 కిలోమీటర్లు చేసేదాన్ని. ఆ వారం కోచ్ ఊళ్లో లేడు. ఒక సీనియర్ అన్న గుంపును తీసుకెళ్తూ, "నువ్వు చేయగలవు, 14 వేసేద్దాం" అన్నాడు. ఊపులో వేసేశాను. రెండు రోజులకు మోకాలికి, మడమకు మధ్య ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే ప్రాణం పోయేది. ఎక్స్‌రేలో పగులు ఏమీ లేదు. ఒకేసారి దూరం పెంచినందుకు ఎముక మీద ఒత్తిడి పడిందని, షిన్ స్ప్లింట్స్ అంటారని ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. ఏడు వారాలు పరుగు బంద్. పిక్కలు బలపడడానికి మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి దిగే వ్యాయామం రోజూ చేయించింది.

వారం మొత్తం దూరాన్ని పదో వంతుకు మించి పెంచకూడదని రన్నర్లలో ఒక లెక్క ఉంది. ఒళ్లును బట్టి అది కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ 8 నుంచి 14 అనేది ఏ లెక్కకూ అందదు. ఆ అన్న చెడ్డవాడు కాదు. మంచి మనసుతో ప్రోత్సహించాడు. కానీ బాగా పరిగెత్తే ప్రతివాడూ కోచ్ కాడు. ఆ బాధ్యత అలా ఎవరికిబడితే వాళ్లకు అప్పజెప్పడం క్లబ్ తప్పు. నేను ఈ మాట మీటింగ్‌లో లేచి చెప్పాను. ఆ తర్వాత ఎవరి దూరం ఎంతో ఆదివారానికి ముందే రాసి పెట్టడం, కోచ్ లేని రోజు ఎవరూ పెంచకూడదన్న నియమం వచ్చాయి. ఇప్పటి వరకూ పాటిస్తున్నారు.

ఇంకో ఫిర్యాదు వాట్సాప్ గ్రూపు. పొద్దున ఎనిమిదయ్యేసరికి పరుగు లెక్కలు చూపే స్ట్రావా యాప్ స్క్రీన్‌షాట్లతో నిండిపోతుంది. ఎవరు ఎంత వేగం, ఎన్ని కిలోమీటర్లు. కాలు నొప్పితో ఇంట్లో ఉన్న ఏడు వారాలు అవి చూస్తుంటే ఏడుపొచ్చేది. గ్రూపు మ్యూట్ చేసి, స్వీపర్ అక్కతో మాత్రం మాట్లాడేదాన్ని. ఒక అబ్బాయి, 19 ఏళ్లు, ఆ అంకెల కోసం జ్వరంలో పరిగెత్తి రోడ్డు మీద కూలబడ్డాడు. దీన్ని క్లబ్ ఇంకా సరిదిద్దలేదు. అడగకుండా ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం మాత్రం అమ్మాయిలందరం గట్టిగా అడిగాక ఆగింది.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. మా నాన్న మొదట ఒప్పుకోలేదు. "చీకట్లో అబ్బాయిలతో పరుగులేంటమ్మా" అన్నాడు. ఒక ఆదివారం తనే వచ్చి గట్టు మీద కూర్చుని మొత్తం చూశాడు. మళ్లీ ఆ మాట అనలేదు. గుంపులో ఉంటే కుక్కలు జోలికి రావు, బండి మీద పోతూ కామెంట్లు చేసేవాళ్లూ నోరు తెరవరు. అమ్మాయిలు ఇంటి నుంచి స్పాట్‌కు ఒంటరిగా రాకుండా ఏరియాల వారీగా కలిసి వచ్చే ఏర్పాటు ఉంది. నెలసరి రోజుల్లో మానేయాలా, పరిగెత్తాలా అన్నది సీనియర్ అక్కలు మామూలుగా మాట్లాడేస్తారు. అదొక పెద్ద ధైర్యం. అయితే తెల్లవారుజామున టాయిలెట్‌కు వెళ్లే దారి దాదాపు లేదు. గంటన్నర లాంగ్ రన్ ఉన్న రోజు ఇది భయపడాల్సిన సంగతి. ఒక సభ్యురాలి ఇల్లు పెదవాల్తేరులో ఉంది కాబట్టి మాకు గడిచిపోతోంది. క్లబ్బులు నడిపే అన్నలు దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. ఇద్దరు అమ్మాయిలు కేవలం దీని వల్ల మానేశారు.

ఖర్చు నెలకు 300 రూపాయలు. నీళ్లు, అరటిపళ్లు, ఉప్పు వేసిన నిమ్మరసం, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ అందులోనే. చదువుకునేవాళ్లు కట్టలేకపోతే అడగరు. అసలు ఖర్చు బూట్లకు. నేను మొదటి ఆరు నెలలు కాలేజీ రోజుల బూట్లతోనే గడిపాను, అది పొరపాటు. పరుగు బూట్లు సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తాయి. పైకి కొత్తగా కనిపించినా లోపలి మెత్తదనం పోతుంది. ఖరీదైనవి అక్కర్లేదు, బొటనవేలి ముందు కొంచెం ఖాళీ ఉంటే చాలు. పరుగయ్యాక తాగడానికి నాకు చోడి (రాగి) అంబలిలో మజ్జిగ కలుపుకోవడం కంటే మంచిది దొరకలేదు. రంగు రంగుల స్పోర్ట్స్ డ్రింకులు మా దూరాలకు అవసరం లేదు.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది. ఆ పోటీలో ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయురాలు తనే. మధ్యాహ్నం పుస్తకాలు పక్కన పెట్టి ఫోన్‌లో చూశాను. హీట్‌లో, అంటే మొదటి రౌండ్‌లో వెనకబడింది. అలా వెనకబడినవాళ్లకు రెండో అవకాశంగా ఇచ్చే రెపెచాజ్‌లో మర్నాడు మళ్లీ పరిగెత్తింది. ఆ వారం క్లబ్‌కు కొత్త అమ్మాయిలు వరసగా వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి నాతో పాటు ఇప్పటికీ పరిగెడుతోంది.

పోటీల గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే వాటి కోసం చేరాల్సిన పని లేదు. విశాఖలో జరిగే నేవీ మారథాన్‌లో మొదట 10కె (10 కిలోమీటర్లు) చేశాను, తర్వాతి ఏడాది 21కె. రెండోది 2 గంటల 48 నిమిషాలు. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లు మొండికేశాయి. మా స్వీపర్ అక్క అప్పటికే తన పరుగు పూర్తి చేసి, మెడల్ మెడలో వేసుకుని వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. చివరి రెండు కిలోమీటర్లు నా పక్కనే, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పరిగెత్తింది.

బ్యాంకు ఉద్యోగం వచ్చింది. పరుగు వల్ల వచ్చిందని అనను, చదివితే వచ్చింది. కానీ రాత్రి పదికల్లా నిద్రపోవడం, పొద్దున నాలుగున్నరకు తల తేలిగ్గా లేవడం, పరీక్ష ముందు రోజు గుండె దడ లేకపోవడం మాత్రం కచ్చితంగా దీని వల్లే. బరువు తగ్గాలనే వచ్చేవాళ్లకు ఒక మాట: నాకు రెండున్నరేళ్లలో తగ్గింది మూడు కిలోలే. ఇప్పటికే బాగా పరిగెత్తుతూ ఇంకా వేగం కావాలనుకునేవాళ్లకు ఇక్కడ వారానికి ఒకే ఒక్క టెంపో రోజు (కాస్త కష్టమైన వేగంతో ఆగకుండా పరిగెత్తే రోజు) ఉంటుంది, అది సరిపోదు. మోకాలి సమస్య, గుండె సమస్య, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే రండి. మా దగ్గర ఫారం నింపించుకుంటారు కానీ పరీక్షలేమీ చేయరు.

చేరాలనుకుంటే మొదటిసారి ఆదివారం రావొద్దు, బుధవారం రండి. ఆదివారం గుంపు పెద్దది, హడావిడి ఎక్కువ. బుధవారం పదిహేను మందికి మించి ఉండరు, కోచ్ మీ నడక చూసి మాట్లాడే తీరిక ఉంటుంది. రాత్రి వాన పడితే నాలుగున్నరకు గ్రూపులో ఒకసారి చూసుకుని బయల్దేరండి, రద్దు కబురు ఆలస్యంగా పెడతారు. ఈ మార్చి నుంచి బుధవారాల్లో స్వీపర్ డ్యూటీ నాది.