అవిన్యాన్ పోపుల ప్యాలెస్: టాబ్లెట్ ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి

ఫ్రాన్స్‌లోని అవిన్యాన్‌లో, 14వ శతాబ్దంలో పోపులు ఉన్న ప్యాలెస్‌కి టికెట్ తీసుకుంటే హిస్టోప్యాడ్ అనే టాబ్లెట్ చేతికిస్తారు. మనం నిలబడ్డ గది అప్పట్లో ఎలా ఉండేదో తెర మీద చూపిస్తుంది. ఇక్కడ అది అవసరమే. 19వ శతాబ్దంలో ఈ భవనాన్ని సైనికుల బ్యారక్స్ చేశారు. కుడ్యచిత్రాల్లోని తలలను గోడ నుంచి చెక్కి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే చాలా గదుల్లో రాతి గోడలు తప్ప ఏమీ కనిపించవు.

టాబ్లెట్ బాగా పనికొచ్చేది గ్రాండ్ టినెల్‌లో. 48 మీటర్ల పొడవున్న ఈ విందుశాల 1413లో తగలబడింది, అప్పటి అలంకరణ అంతా బూడిదైంది. తెర లేకపోతే అది ఉత్త గోడౌన్‌లాగే ఉంటుంది. అదే హాలుకి ఆనుకున్న సెయింట్ మార్షియల్ చాపెల్‌లో మాత్రం టాబ్లెట్ దించేయండి. మత్తెయో జొవన్నెత్తి 1344 నుంచి 1346 దాకా వేసిన చిత్రాలు అసలువే ఉన్నాయి. మార్షియల్ కథ పైకప్పు దగ్గర మొదలై కిందికి దిగుతుంది. వరస తెలియడానికి ఒక్కో ఘట్టానికీ ఒక్కో అక్షరం గుర్తుగా వేశాడు. కళ్లెదుటి గోడ నుంచి చదవడం మొదలుపెడితే ఏమీ అర్థం కాదు. మార్షియల్ ఫ్రాన్స్‌లోని లిమూజాన్ ప్రాంతపు సాధువు. బొమ్మలు వేయించిన పోప్ ఆరో క్లెమెంట్‌దీ ఆ ప్రాంతమే, అంటే ఇందులో భక్తితోపాటు సొంత ఊరి గొప్ప కూడా ఉంది.

పోప్ టవర్‌ని కింది నుంచి పైకి ఊహించుకుంటూ చూడాలి. కింద ఖజానా, దాని మీద లెక్కలు చూసే కమెర్లింగో గది, ఆపైన పోప్ పడకగది. ఖజానా నేలలో రాతి పలకల కింద డబ్బు దాచే గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. పడకగదిలో నీలిరంగు గోడల నిండా తీగలు, పక్షులు, ఉడుతలు. కిటికీ గూళ్లలో గీసిన ఖాళీ పంజరాలను చాలామంది చూడకుండానే దాటిపోతారు.

హిస్టోప్యాడ్ తేలిపోయేది డబ్బు విషయంలో. సామాను చూపించినంత శ్రద్ధగా రాబడి గురించి చెప్పదు. పోపులు క్రూసేడ్ (జెరూసలేం కోసం చేసే మతయుద్ధ యాత్ర) పేరు చెప్పి చర్చిల ఆదాయంలో పదో వంతు వసూలు చేసేవాళ్లు, అందులో పెద్ద వాటా రాజుల చేతికి పోయేది. 1333లో ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్‌కి ఆరేళ్ల పాటు ఆ పన్ను రాసిచ్చారు. ఫిలిప్ కదలకపోయేసరికి 1336లో పోప్ పన్నెండో బెనెడిక్ట్ ఆ యాత్రనే రద్దు చేశాడు. జెరూసలేం పేరు మీద మార్సెయ్‌లో చేర్చిన ఓడలు నార్మండీ తీరానికి వెళ్లాయి, ఇంగ్లండ్‌కి గుబులు పట్టుకుంది. ఈ ప్యాలెస్ పని 1335లో మొదలుపెట్టించింది ఆ బెనెడిక్టే. ఇంత సరుకు ఉంచుకుని టాబ్లెట్‌లో కుర్చీలూ తెరలూ చూపించడం నాకైతే వెలితిగానే అనిపిస్తుంది.

ఇంత మందపు గోడలు ఎలా పనికొచ్చాయో తెలియాలంటే 1398 గుర్తుంచుకోవాలి. ఫ్రాన్స్ తనకు విధేయత ఉపసంహరించుకున్నాక, తర్వాతి కాలపు పోప్ పదమూడో బెనెడిక్ట్ ఈ కోటలోనే ముట్టడిలో చిక్కుకున్నాడు, 1403లో మారువేషంలో తప్పించుకున్నాడు.

మెట్లు ఎక్కువ, కొన్ని ఇరుకు కూడా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. జులైలో నాటకోత్సవం కోసం పెద్ద ప్రాంగణంలో వేదిక, ప్రేక్షకుల గ్యాలరీ కట్టేస్తారు. ప్రాంగణం పూర్తిగా చూడాలనుకుంటే ఆ నెల వద్దు.