గంటల మజిలీ: సింగపూర్ మేలా, కౌలాలంపూర్ మేలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ల నుంచి ఆస్ట్రేలియాలోని పిల్లల దగ్గరకు బయలుదేరే తల్లిదండ్రులు ముందు విశాఖకో, భువనేశ్వర్‌కో చేరి విమానం ఎక్కాలి. ఆపైన చాలామంది దారిలో పరాయి దేశంలో కొన్ని గంటలు ఆగుతారు. ఆ మజిలీ సింగపూర్‌లోనా, కౌలాలంపూర్‌లోనా అన్నది చాలా ఇళ్లలో టికెట్ ధరను బట్టే తేలిపోతుంది. ధర ఒక్కటే చూడటం సరికాదు.

వీసా విషయంలో కౌలాలంపూర్‌దే పైచేయి. 2023 డిసెంబరు 1 నుంచి మలేసియా భారతీయులను వీసా లేకుండా 30 రోజుల వరకు అనుమతిస్తోంది. ఈ సడలింపును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. రాకకు ముందు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. సింగపూర్‌కు మనకు వీసా కావాలి. అయితే ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, బ్రిటన్ వంటి కొన్ని దేశాల వీసా కనీసం నెల గడువుతో ఉండి, ఆ ప్రయాణంలో భాగంగా ఆగేవారికి 96 గంటల వరకు వీసా లేకుండా ఊళ్లోకి వెళ్లే వెసులుబాటు ఉంది. ఒక్క ప్రయాణానికే చెల్లే వీసా అయితే షరతులు మారతాయి కనుక టికెట్ కొనకముందే వాటిని చదువుకోవాలి.

దూరం దగ్గర లెక్క తారుమారవుతుంది. కౌలాలంపూర్ విమానాశ్రయం సెపాంగ్‌లో, నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో నగరంలో దింపుతుంది గానీ, అందరూ చూడాలనుకునే బటు గుహల సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి అక్కడి నుంచి మరో రైలెక్కాలి, ఆపైన 272 మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారు 42.7 మీటర్ల స్వామి విగ్రహాన్ని కింద నుంచే దర్శించుకుని తిరిగి రావచ్చు. అదీ తక్కువేమీ కాదు. ఏమైనా పది గంటల వ్యవధి లేనిదే ఈ ప్రయత్నం చేయకూడదు.

సింగపూర్‌లోనైతే చాంగీ విమానాశ్రయమే ఒక ఊరట. సీతాకోకచిలుకల తోట, పొద్దుతిరుగుడు తోట, కాసేపు నడుం వాల్చే చోట్లు లోపలే ఉన్నాయి, వీసా అక్కరలేదు. 40 మీటర్ల ఎత్తు నుంచి జలపాతం దూకే జ్యూయెల్ అనే దుకాణాల సముదాయం మాత్రం ఇమిగ్రేషన్ దాటాక వస్తుంది. అయిదున్నర గంటలకు పైగా, 24 గంటలకు లోపుగా ఆగేవారికి, దేశంలోకి ప్రవేశార్హత ఉంటే, రెండున్నర గంటల ఉచిత నగర యాత్ర కూడా ఉంది. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు వెళ్లదలచినవారు మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటాయని గుర్తుంచుకోవాలి.

అందుకే ఎనిమిది గంటల లోపు మజిలీకి, ముఖ్యంగా పెద్దవాళ్లు ఇద్దరే వెళ్తుంటే, కొంత ఖర్చు ఎక్కువైనా సింగపూరే మేలంటాను. పగలంతా చేతిలో ఉండి, ఓపికా ఉంటే కౌలాలంపూర్ దారి బాగుంటుంది.

రెండు చోట్లా అసలు చిక్కు విడివిడిగా కొన్న చౌక టికెట్లతోనే వస్తుంది. అలాంటప్పుడు సామాను చివరి ఊరిదాకా దానంతటది వెళ్లదు. మనమే ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ చెక్ ఇన్ చేయాలి. అంటే వీసా వెసులుబాటు వర్తించనివారు సింగపూర్‌లో చిక్కుకుంటారు. సామాను కస్టమ్స్ ముందుకు వస్తుంది కూడా. బరంపురం అప్పడాలు, పచ్చళ్లతో పాటు గసగసాల పొట్లం పెట్టే అలవాటున్నవారు దాన్ని ఇంట్లోనే ఉంచాలి. సింగపూర్‌లో గసగసాలు నిషిద్ధ వస్తువు.