ఇండియన్ ఓషన్ బ్యాండ్ పాటల కోసం బరంపురం వెళ్లొచ్చాం – లాడ్జి విషయంలో మాత్రం జాగ్రత్త

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, వచ్చి పది రోజులైనా ఆ కోపం ఇంకా తగ్గలేదు. పేరు రాయడం లేదు. ఫోన్‌లో చూస్తే ముగ్గురికి ఏసీ గది 1,400 రూపాయలని ఉంది, బుక్ చేశాను, కన్ఫర్మ్ అయిందని మెసేజ్ కూడా వచ్చింది, డబ్బు మాత్రం అక్కడే కట్టాలి. తీరా వెళ్తే కౌంటర్లో కుర్రాడు ఆ రేటు ఇద్దరికేనని, ముగ్గురైతే 2,200 అని ఒడియాలో మొదలుపెట్టాడు. మెసేజ్‌లో ముగ్గురు అని స్పష్టంగా ఉంది, చూపించాను. దాంతో మాకు సంబంధం లేదు, ఆన్‌లైన్ వాళ్లనే అడుక్కోండి అన్నాడు. ఈలోగా నేనూ బావా తెలుగులో మాట్లాడుకోవడం విని తనూ తెలుగులోకి దిగాడు. "మీరు మనవాళ్లే కదండీ, 1,900 ఇచ్చెయ్యండి" అన్నాడు. మనవాళ్లం అంటూనే 500 ఎక్కువ అడిగేసరికి నాకు మరీ బాధేసింది. పెళ్లిళ్ల రోజులు, ఇంకో మూడు చోట్లకి ఫోన్ చేస్తే గదులు లేవన్నారు, బావకి అప్పటికే తలనొప్పి మొదలైంది, సరేనని కట్టేశాను. పైకి వెళ్లి చూస్తే గదిలో డబుల్ మంచం ఒక్కటే. మూడో మనిషికి పరుపు కావాలంటే 300 వేరే. అంటే తిప్పి తిప్పి మొదట అడిగిన 2,200 దగ్గరికే తీసుకొచ్చారు.

ఆ పరుపు మందం మా ఇంట్లో బొంత కంటే తక్కువ. దుప్పటి మీద ఎవరివో పొడుగాటి వెంట్రుకలు ఉన్నాయి, మార్చమంటే ఒక గంట తర్వాత వచ్చి దులిపి మళ్లీ అదే వేసి వెళ్లాడు. గీజర్ ఉంది, పనిచెయ్యదు, వేడినీళ్లు పొద్దున్న ఆరు నుంచి ఏడు లోపల కింద నుంచి బకెట్‌తో తెచ్చుకోవాలి. ఏసీ రిమోట్ గదిలో ఉండదు, కౌంటర్లో 200 డిపాజిట్ కట్టి తెచ్చుకోవాలి. రిమోట్ చేతికిచ్చినప్పుడే వెనక మూత లేదు, బ్యాటరీలు ఊడిపోకుండా రబ్బరు బ్యాండ్ చుట్టి ఉంది, నా కళ్లతో చూశాను. మర్నాడు ఖాళీ చేసేటప్పుడు "మూత ఏదండీ" అని 50 రూపాయలు పట్టుకుని 150 మాత్రమే ఇచ్చాడు. జనవరి నెలలో మేం ఆ ఏసీ వెయ్యనే లేదు. ఎవరైనా సరే అలాంటిది చేతికిస్తే ముందు ఫోటో తీసుకోండి, నేను తీసుకోకపోవడమే తప్పయింది.

ఇక అసలు ఎందుకు వెళ్లామో చెప్పాలి. మాది పర్లాకిమిడి. బావ అంటే మా ఆవిడ అన్నయ్య, నా కంటే ఎనిమిదేళ్లు పెద్ద, 1999 నుంచి ఏడేళ్లు ఢిల్లీలో ఉద్యోగం చేశాడు. ఇండియన్ ఓషన్ వాళ్లని అక్కడే రెండుసార్లు ఎదురుగా చూశాడు, అది కూడా వాళ్ల పాత గాయకుడు ఆశీమ్ చక్రవర్తి ఉన్న రోజుల్లో. సెలవులకి వచ్చినప్పుడు వాళ్ల 'కందిసా' క్యాసెట్ తెచ్చి నాకు ఇచ్చింది ఆయనే. అప్పటికి నేను విన్న పాటలన్నీ పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. ఇవి అలా కాదు, ఒక పాట మొదలై ఎక్కడెక్కడికో వెళ్లి, తాళం మారి, ఆగినట్టే ఆగి మళ్లీ లేచేది. పింక్ ఫ్లాయిడ్, జెత్రో టల్ లాంటి ఇంగ్లండు బ్యాండ్లు 1970ల్లో చేసిన ప్రోగ్రెసివ్ రాక్ ఇలాగే ఉంటుందని కూడా బావే వినిపించాడు. వీళ్లది ఫ్యూజన్, అంటే రకరకాల సంగీతాల కలయిక, అంటారు చాలామంది, ఏమైనా అనుకోండి, నా లెక్కలో మన నేల మీద పుట్టిన ప్రోగ్ రాక్ ఇదే. పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్ 2002లో బెంగళూరు, 2007లో ముంబై వచ్చాడు, రెండుసార్లూ బావ వెళ్లలేకపోయాడు, ఒకసారి సెలవు దొరకలేదు, రెండోసారి వాళ్ల నాన్నగారికి ఆపరేషన్. ఆ వెలితి ఆయనకి ఇప్పటికీ ఉంది. అందుకే బరంపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ ఉత్సవానికి ఇండియన్ ఓషన్ వస్తున్నారని, బయటివాళ్లకి కూడా పాస్ ఇస్తున్నారని తెలియగానే, మనిషికి 500 చొప్పున మూడు తీసేశాను. మూడోది మా అమ్మాయికి, ఇంటర్ మొదటి సంవత్సరం, గిటార్ నేర్చుకుంటోంది.

వింతేమిటంటే బావే రానన్నాడు. ఆశీమ్ లేడు, 2009లో క్రిస్మస్ రోజున గుండె ఆగి పోయాడు. గిటార్ వాయించే సుస్మిత్ సేన్ 2013లో బయటికొచ్చేశాడు. 1990లో బ్యాండ్ మొదలుపెట్టింది ఆ ఇద్దరే. "పునాది వేసినవాళ్లే లేనప్పుడు అది ఎవరి బ్యాండ్ బావా, పేరు ఒకటి మిగిలింది" అన్నాడు. నేను బతిమాలలేదు, మా అమ్మాయి "మావయ్యా, నువ్వు రాకపోతే ఆ పాటల గురించి నాకు ఎవరు చెప్తారు" అంది, దాంతో బయల్దేరాడు. బయల్దేరాడు గానీ మొహం మాత్రం అలాగే పెట్టుకున్నాడు.

రైలు ప్రయాణం సుఖంగా జరిగింది, ముగ్గురికీ 195. భోజనం 420, బాగుంది. మధ్యాహ్నం గోపాలపూర్ బస్సులో వెళ్లి సముద్రం చూసి వచ్చాం, రానూపోనూ 180, లాడ్జిలో కూర్చోవడం కంటే అదే నయం.

కాలేజీ ఊరి బయట, ఆటో 350. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి బావ భుజం సంచి లోపలికి వద్దన్నాడు. అందులో బీపీ మాత్రలు, నీళ్ల సీసా, ఒక శాలువా, అంతే. మాత్రలు తీసి చూపించినా "విద్యార్థుల ప్రోగ్రాం ఇది, పెద్దవాళ్లు ఇంట్లో ఉండక ఎందుకొచ్చారు" అన్నాడు. డబ్బులు కట్టి పాస్ కొనుక్కున్న మనిషిని, యాభై దాటిన మనిషిని అనే మాటా అది! బావ ఒక్క మాట మాట్లాడలేదు, వెనక్కి తిరిగి రోడ్డు వైపు నడవబోయాడు. అక్కడ వాలంటీర్‌గా ఉన్న ఒక అమ్మాయి, తెలుగమ్మాయే, రాయగడ నుంచి వచ్చి చదువుకుంటోందట, పరుగెత్తుకొచ్చి "సారీ అంకుల్, నాతో రండి" అని సంచితో సహా తీసుకెళ్లి కుర్చీలు చూపించింది. ఆ అమ్మాయికి నా దండం. లేకపోతే ఇక్కడితోనే మా యాత్ర అయిపోయేది.

పాస్ మీద 6:30 అని ఉంది, వాళ్లు స్టేజి ఎక్కేసరికి 8:40. రెండు గంటలు ఉపన్యాసాలు, శాలువాలు, మెమెంటోలు. చలి పెరిగింది. బావ చేతులు కట్టుకుని ఎటో చూస్తూ కూర్చున్నాడు.

మొదటి పాటకి సౌండ్ బాగాలేదు, బేస్ గిటార్ మోతకి పక్కన వేరే ఏదీ వినబడలేదు, రెండో పాటకి సర్దారు. రాహుల్ రామ్‌కి అరవై దాటాయి, నెరిసిన పొడుగు జుట్టు, బేస్ గిటార్ మెళ్లో వేసుకుని, ప్రతి పాటకీ ముందు అది ఎక్కడిదో చెప్పి గానీ మొదలుపెట్టడు. 'మా రేవా' నర్మద ఒడ్డున పాడుకునే పాట, రేవా అంటే నర్మదే. అమెరికాలో పీహెచ్‌డీ చేసొచ్చిన ఈయన కొన్నేళ్లు నర్మద మీద పెద్ద డ్యాములకి వ్యతిరేకంగా సాగిన నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడు, ఆ లోయలో విన్న పాట ఇది. మహేంద్రతనయ ఒడ్డున పెరిగినవాళ్లం, నదిని అమ్మా అని పిలిచి పాడుతుంటే మాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. కొత్తవాళ్ల గురించి నాకున్న అనుమానం కూడా అక్కడే పోయింది. ఆశీమ్ ఒక్కడే తబలా వాయిస్తూ పాడేవాడు, ఆ చోటు నింపడానికి ఇప్పుడు ఇద్దరున్నారు, హిమాంశు జోషీ పాడతాడు, తుహీన్ చక్రవర్తి తబలా. హిమాంశుది శాస్త్రీయం నేర్చిన గొంతు, ఆశీమ్ గొంతులోని ఆ మట్టిదనం రాదు, రానివ్వాలని ప్రయత్నించడు కూడా, అదే నాకు నచ్చింది. పాత మనిషిని అనుకరించి ఉంటే బావ మధ్యలోనే లేచిపోయేవాడు. సుస్మిత్ చోట గిటార్ నిఖిల్ రావు, మా అమ్మాయి గంటన్నర సేపు అతని వేళ్ల మీంచి చూపు తిప్పలేదు.

తర్వాత జరిగింది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. డ్రమ్స్ వాయించే అమిత్ కిలామ్ ఒక పాటకి డ్రమ్స్ వదిలి చంకలో చిన్న వాద్యం పెట్టుకుని నిలబడ్డాడు. దాని పేరు గబ్‌గుబీ, బెంగాల్ బాఉల్ పాటగాళ్లు వాడేది. ఒకవైపు తోలు బిగించిన బుర్ర, తోలు మధ్యలోంచి తీగ, ఆ తీగ చివర ఎడమచేత్తో పట్టుకుని బిగిస్తూ వదులుతూ, కుడిచేత్తో మీటుతుంటే శబ్దం సాగుతుంది, వంగుతుంది, ఎవరో గొంతులోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. రెండు మీట్లు పడ్డాయో లేదో బావ చేతులు విప్పి నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. "ఇది మన జముకు కదా బావా!"

నిజమే. మా చిన్నప్పుడు అమ్మవారి పండగలకి జముకుల కథ చెప్పేవాళ్లు, ముందు కథకుడు నిలబడి పాడుతుంటే వెనక జముకు పట్టుకున్న మనిషి ఒకడు రాత్రంతా గుమ్ గుమ్ అని మీటుతూ ఉండేవాడు. మా అమ్మాయి తరానికి అదేమిటో తెలియదు. ఇరవయ్యేళ్లుగా నేను వీళ్ల పాటలు వింటున్నాను, రికార్డులో ఆ శబ్దం ఎన్నిసార్లు విన్నానో, ఏదో సింథసైజర్ అనుకున్నాను. కళ్లెదురుగా చూస్తే గానీ తెలియలేదు. బావ అప్పట్నుంచి కుర్చీ అంచుకి వచ్చేశాడు, మా అమ్మాయి చెవిలో అదేమిటో, ఎలా మీటుతారో, తన చిన్నప్పుడు ఆ జముకు కోసం ఎంత దూరం నడిచి వెళ్లేవాడో చెప్తూనే ఉన్నాడు.

'కందిసా' మొదలయ్యేసరికి ఇంక మాట్లాడలేదు. అది కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, భాష సిరియాక్, అక్కడున్న వెయ్యిమందిలో ఒక్కరికి కూడా మాట అర్థమై ఉండదు. నెమ్మదిగా ఒకే మాట ఎత్తి, దింపి, మళ్లీ ఎత్తి, గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. నా ముందు వరుసలో అంతసేపూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసిన కుర్రాళ్లు కూడా ఫోన్లు దించేశారు. బావ ఏడ్చాడు. శాలువాతో మొహం తుడుచుకుని, "ఆశీమ్ ఉంటే ఇంకా ఎత్తుకు వెళ్లేవాడు" అన్నాడు, కాసేపాగి, "వీళ్లూ బాగా పాడారు" అన్నాడు. 'బందే'తో ముగించారు, కుర్రాళ్లందరికీ వచ్చిన పాట అదొక్కటే, అందరూ లేచి నిలబడి పాడారు.

బయటికొచ్చేసరికి పదకొండు దాటింది, గేటు దగ్గర నిలబడ్డ ఆటోలు 900 అడిగాయి. అక్కడ ఇచ్ఛాపురం నుంచి వచ్చి బరంపురంలో ఆటో తోలుకునే ఒకాయన 500కి ఒప్పుకున్నాడు, రాత్రి పూట ఆ రేటు న్యాయమే. మీరు వెళ్తే మాత్రం వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణం కూడా మాట్లాడేసుకోండి. తినడానికి ఎక్కడా ఏమీ లేదు, అరటిపళ్లు, బిస్కెట్లు 60 రూపాయలవి కొనుక్కుని గదిలో తిన్నాం. ఆ పలచటి పరుపు మీద నేను పడుకున్నాను.

పొద్దున్న లాడ్జి నుంచి నాలుగడుగులు వేస్తే ఒక తోపుడు బండి. ఆవిడ వేడి నూనెలోంచి బరా తీసి, అంటే మన గారెలే, ఆకు దొన్నెలో వేసి పైన ఘుగుని పోసింది. ఎండు బఠాణీ ఉడికించి, అల్లం, కాస్త కొబ్బరి ముక్క, పైన ఉల్లిపాయ. గారె పైన కరకరలాడుతూ, అడుగు మాత్రం ఆ పులుసు పీల్చుకుని మెత్తబడి, ఆ చలిలో అది నోట్లో పెట్టుకుంటే లాడ్జి మీద కోపం కూడా కాసేపు మర్చిపోయాను. ప్లేటు 40, మూడు ప్లేట్లు 120, టీలు 30. బావ ఇంకొంచెం ఘుగుని అడిగితే డబ్బు తీసుకోకుండా వేసింది. బరంపురంలో లాడ్జి టిఫిన్ ఎవరూ తినకండి, బండి దగ్గరికే వెళ్లండి.

మొత్తం ఖర్చు, స్టేషన్ నుంచి లాడ్జికి ఆటో 100, తిరుగు రైలు టికెట్లు అన్నీ కలిపి 5,900 అయింది. అందులో లాడ్జికి పోయిన 2,250 తప్ప ఒక్క రూపాయికి కూడా నాకు బాధ లేదు. బుకింగ్ వాళ్లకి మెసేజ్, బిల్లు రెండూ పంపి ఫిర్యాదు పెట్టాను, ఇంతవరకు జవాబు లేదు.

రైలు ఇచ్ఛాపురం దాటాక బావ వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. ఊళ్లో జముకు వాయించే ముసలాయన ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడట, చూపు తగ్గిందట, వాద్యం మాత్రం ఇంట్లోనే దూలానికి వేలాడుతోందట. వచ్చే ఆదివారం అమ్మాయిని తీసుకుని వెళ్దామంటున్నాడు.