కార్డినళ్ల దర్పం రాగిరేకు మీద: పారిస్, లండన్, ఆంట్‌వెర్ప్

బరోక్ కాలపు (పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల) చర్చి పెద్దల ఎన్‌గ్రేవింగ్‌లు, అంటే రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మలు చూడాలంటే మొదట పారిస్ వెళ్లాలి. అక్కడి జాతీయ గ్రంథాలయం రిషెల్యూ భవనంలో మజారిన్ గ్యాలరీ ఉంది. ఫ్రాన్స్ రాజుకు ముఖ్యమంత్రిగా ఉన్న కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి కాథలిక్ మతాధికారి) మజారిన్ 1640ల మధ్యలో కట్టించుకున్న హాలు ఇదే. పైకప్పు చిత్రాలు ఇటలీ చిత్రకారుడు రొమనెల్లివి. 1659లో రోబెర్ నాంత్యోయ్, వాన్ షూపెన్ చెక్కిన ప్రింట్‌లో మజారిన్ తన గ్యాలరీ ముందే కూర్చుని ఉంటాడు. హాలు చూశాక ప్రింట్ చూస్తే, మనిషి కంటే ఆస్తి ఎంత గట్టిగా మాట్లాడుతోందో తెలుస్తుంది.

నాంత్యోయ్ మామూలు పద్ధతి వేరు: అండాకార చట్రం, ఛాతీ వరకు బొమ్మ, కింద వంశ చిహ్నం, దానిపై చర్చి హోదా తెలిపే కుచ్చుల టోపీ. రంగు లేదు కదా, కార్డినల్ ఎరుపు ఎలా తెలుస్తుంది? చిహ్నాల్లో నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, చుక్కలు బంగారం. 1638లో వంశ చిహ్నాల మీద పెత్రా సాంక్తా అనే జెసూట్ మతగురువు రాసిన పుస్తకంతో ఈ పద్ధతి వ్యాపించింది. కుచ్చులు లెక్కపెట్టి హోదా తేల్చేయకండి; పక్కకు పదిహేను అన్న కార్డినళ్ల నియమం 1832లో గానీ స్థిరపడలేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది మాత్రం ఫ్రాన్స్‌లో పేరుమోసిన ప్రసంగకర్త బొస్యుయే బిషప్ ప్రింట్, 1723 నాటిది. రిగో వేసిన చిత్రం (అసలుది పారిస్ లూవ్ర మ్యూజియంలో ఉంది) ఆధారంగా పియెర్-ఎంబెర్ డ్రెవే చెక్కాడు. లేసు, బొచ్చు, పట్టు ఒక్కోదానికి ఒక్కో రకం గీత. బిషప్ 1704లోనే పోయాడు, ఠీవి మాత్రం ప్రింట్లలో తిరుగుతూనే ఉంది!

తొలి ముద్రణ ప్రతి ఉందేమో తప్పక అడగండి. ప్రెస్సులో రాగి అరిగేకొద్దీ ముఖం మీది సన్నగీతలు ముందు పోతాయి. చెంపలు బూడిదరంగు మచ్చలా తేలితే అది ఆఖరి ప్రతుల్లోది. మనిషికి పదవి పెరిగితే అదే రేకు మీద పాత బిరుదు చెరిపి కొత్తది చెక్కడమూ ఉండేది.

ఇక సేవల సంగతి. పారిస్ గ్రంథాలయంలో మ్యూజియం భాగానికి టికెట్ చాలు, సోమవారం సెలవు. ప్రింట్లు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి మారుస్తూ ఉంటారు. కోరుకున్నది గోడ మీద దొరుకుతుందన్న హామీ లేదు. అధ్యయన గదికి రీడర్ కార్డు కావాలి, పైగా స్కాన్ ఉంటే అసలు ప్రతి ఇవ్వకపోవచ్చు. మామూలు సందర్శకుడికి లండన్ బ్రిటిష్ మ్యూజియం స్టడీ రూమే నయం: ఉచితం, ముందుగా అపాయింట్‌మెంట్, గుర్తింపు కార్డు, పెన్సిల్ మాత్రమే. అయితే ఫ్రాన్స్‌కు తీసే షెంగెన్ వీసా లండన్‌కు చెల్లదు, రెండు వీసాలూ తీయాలి.

రాగిరేకులు, పాత ప్రెస్సులు ఒకేచోట చూడాలంటే బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో పాత ముద్రణాలయమైన ప్లాంటిన్-మోరెటుస్ మ్యూజియం. సగం పూట చాలు.

బసకు పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ ప్రాంతం అనుకూలం: లండన్ రైలు అక్కడే, లైబ్రరీకి అరగంట నడక, పక్కనే లా షాపెల్‌లో తమిళుల హోటళ్లలో దోసె. గదులు ఇరుకు, రాత్రి రొద ఎక్కువ. వీధివైపు గది వద్దని ముందే చెప్పాలి.

కొనాలనుకుంటే లూవ్ర షాల్కోగ్రఫీ (మ్యూజియం రాగిరేకుల విభాగం) పాత రేకుల నుంచి తీసిన కొత్త ముద్రణలు అమ్ముతుంది. కాగితం మీద ఒత్తుడు ముద్ర ఉంటుంది. బయట దాన్నే పదిహేడో శతాబ్దపు ప్రతి అని అంటగడితే ఆ ముద్ర కోసం వెతకండి.