టి.నగర్ మేడమీద ఫోర్ట్ మోసే: నాలుగు ఆదివారాల చరిత్ర తరగతిపై ఒక సమీక్ష

చెన్నైలో తెలుగులో చరిత్ర పాఠం దొరకడమే అరుదు. అందులోనూ అమెరికాలోని ఒక తొలినాటి స్వేచ్ఛా నల్లజాతీయుల ఊరి గురించి నాలుగు ఆదివారాలు చెబుతామని ప్రకటన చూసేసరికి, పదిహేను వందల రూపాయలు కట్టి చేరకుండా ఉండలేకపోయాను. టి.నగర్‌లో ఒక పాత ఇంటి మేడమీద ఉన్న చిన్న అద్దె గ్రంథాలయం ఈ తరగతిని నడిపింది. మెచ్చుకోలుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉన్నందున ఆ గ్రంథాలయం పేరు ఇక్కడ రాయడం లేదు.

పాఠ్యాంశం ఫోర్ట్ మోసే. ఇప్పటి ఫ్లోరిడా రాష్ట్రంలో, సెయింట్ అగస్టీన్ పట్టణానికి ఉత్తరాన సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, స్పెయిన్ గవర్నరు మాన్యుయెల్ దె మోంతియానో అనుమతితో 1738లో వెలసిన ఈ ఊరి పూర్తి పేరు గ్రాసియా రియాల్ దె సాంతా తెరేసా దె మోసే. ఉపాధ్యాయుడు మాత్రం కథను యాభై ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళి, 1687లో పొరుగునున్న ఇంగ్లీషు వలస కరోలినాలో బానిసత్వం నుంచి తప్పించుకుని ఎనిమిదిమంది మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, పాలు మరవని ఒక బిడ్డ పడవ మీద సెయింట్ అగస్టీన్ చేరి జ్ఞానస్నానం ఇప్పించమని అడిగిన దగ్గర మొదలుపెట్టారు. యజమానుల తరఫున మనిషి వచ్చి అడిగినా అక్కడి గవర్నరు వారిని తిరిగి అప్పగించలేదు. 1693లో స్పెయిన్ రాజు, అలా వచ్చి కాథలిక్ మతం పుచ్చుకున్నవారికి స్వేచ్ఛ ఇస్తున్నట్టు ఉత్తర్వు వెలువరించాడు.

మొదటి తరగతిలో ఇదంతా రాజుగారి దయాగుణంగా వినిపించడం నాకు రుచించలేదు. పొరుగున ఉన్న ఇంగ్లీషు వలసను బలహీనపరచడం, సరిహద్దులో కాపలాకు మనుషులను సంపాదించడం స్పెయిన్ అవసరం. అదే సెయింట్ అగస్టీన్‌లో స్పెయిన్‌వారి ఇళ్ళలోనూ బానిసలు ఉండేవారు. రెండో ఆదివారం ఫ్రాన్సిస్కో మెనెండెస్ ప్రస్తావన వచ్చాక పాఠం తనను తాను సరిదిద్దుకుంది. ఆఫ్రికాలో మండింగా జాతికి చెందిన ఈయన, 1715లో కరోలినా మీద యామసీ ఇండియన్లు (అమెరికా ఆదివాసులు) చేసిన యుద్ధంలో వారి పక్షాన పోరాడి స్పెయిన్ నేల మీదికి వస్తే, రాజుగారి ఉత్తర్వు ఉండగానే ఆయన్ను మళ్ళీ బానిసగా అమ్మేశారు. బానిసగా ఉంటూనే 1726లో నల్లజాతి దళానికి నాయకుడయ్యాడు. అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ పోయి, చివరికి 1738లో తనకూ తనవారికీ స్వేచ్ఛ సాధించుకున్నాడు. కాబట్టి ఈ ఊరు ఎవరో దానంగా ఇచ్చింది కాదు, ఉత్తర్వును అమలు చేయమని వెంటపడి సాధించుకున్నది. నాలుగు తరగతుల్లోనూ ఉత్తమమైనది ఇదే.

1740 నాటి యుద్ధాన్ని మ్యాపు సాయంతో చక్కగానే చెప్పారు: ఇంగ్లీషు వలస జార్జియా నుంచి జేమ్స్ ఒగల్‌థోర్ప్ దండెత్తి రావడం, ఊరివాళ్ళు సెయింట్ అగస్టీన్ కోటలోకి తరలిపోవడం, ఖాళీ అయిన మోసేలో ఇంగ్లీషువారు దిగితే, జూన్‌లో ఒక తెల్లవారుజామున స్పెయిన్ సైనికులూ ఇండియన్లూ మోసే దళమూ కలిసి వారిని చిత్తు చేయడం. మాకిచ్చిన మ్యాపు మాత్రం జిరాక్సుకు జిరాక్సు. అందులో నది ఏదో కందకం ఏదో తెలియలేదు.

ఆ యుద్ధంలో పాడైన ఊరిని 1752లో మళ్ళీ కట్టారు. రెండో ఊరికి సంబంధించిన 1759 నాటి జనాభా లెక్కను ఉపాధ్యాయుడు బోర్డు మీద రాసి, మా చేత కూడా నోటు పుస్తకాల్లో ఎక్కించారు: తాటాకు కప్పిన ఇళ్ళు 22, మగవాళ్ళు 37, ఆడవాళ్ళు 15, మగపిల్లలు 7, ఆడపిల్లలు 8, మొత్తం 67 మంది. రాయడం పూర్తికాగానే ముందు వరుసలోని ఒక పెద్దావిడ, "ముప్పై ఏడుగురికి పదిహేనుమందేనా అండీ ఆడవాళ్ళు? మిగతావాళ్ళ పెళ్ళాలు ఎక్కడున్నట్టు?" అని అడిగారు. బానిసలతో పనిచేయించే తోటల నుంచి తప్పించుకుని అడవులూ చిత్తడులూ దాటి రాగలిగినవారిలో మగవాళ్ళే ఎక్కువని, కొందరి భార్యలు సెయింట్ అగస్టీన్‌లో ఇంకా బానిసలుగానే ఉండిపోయారని, కొందరు చుట్టుపక్కల ఇండియన్ స్త్రీలను పెళ్ళాడారని జవాబు వచ్చింది. ఆ ప్రశ్న వల్ల తరగతి అరగంట ఆలస్యంగా ముగిసింది, అయినా ఎవరూ లేవలేదు. 1980లలో పురావస్తు పరిశోధకురాలు క్యాథ్లీన్ డీగన్ బృందం అక్కడి చిత్తడిలో తవ్వినప్పుడు బయటపడిన, చేత్తో చేసిన సెయింట్ క్రిస్టఫర్ బిళ్ళ బొమ్మను కూడా చూపించారు. ప్రయాణికులను కాచే పునీతుడాయన. నా పక్కనున్న కుర్రాడు "తాయెత్తులా ఉంది" అన్నాడు. అంతకంటే సరైన మాట నాకూ తోచలేదు.

ఇక ఫిర్యాదు. మూడో ఆదివారం మేడ ఎక్కేసరికి తలుపుకు తాళం ఉంది. తరగతి రద్దయిందన్న సందేశం, నేను తిరిగి మెట్లు దిగుతుండగా ఫోనుకు వచ్చింది. మరో రోజు పెట్టకుండా మూడూ నాలుగూ కలిపి రెండు గంటల్లో లాగించేశారు. నష్టపోయింది 1763 ఘట్టం. దానికి దక్కినవి పది నిమిషాలు.

చెన్నై శ్రోతలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఆ ఘట్టమే. 1762లో ఇంగ్లీషువారు పట్టుకున్న, క్యూబాలోని హవానాను వెనక్కి తెచ్చుకోవడానికి స్పెయిన్ ఫ్లోరిడాను వదులుకున్నది 1763 నాటి పారిస్ సంధిలో; పాండిచ్చేరిని ఫ్రెంచివారికి తిరిగి ఇచ్చిందీ ఆ సంధే. దాంతో మోసే ప్రజలు ఊరు విడిచి ఓడలెక్కి క్యూబాకు పోయి, మతాంజాస్ ప్రాంతంలో మళ్ళీ అడవి కొట్టుకుని బతుకు మొదలుపెట్టారు. మన వైపు చూస్తే, 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్న తర్వాతి ఏళ్ళలో, కోటను ఆనుకుని మన వర్తకులు కాపురమున్న పాత బ్లాక్ టౌను ఇళ్ళను ఫిరంగి గుండ్లకు అడ్డమని పడగొట్టేశారు. ఆ చోటే ఇప్పుడు హైకోర్టు ఉంది. అక్కడ మళ్ళీ ఇళ్ళు కట్టకూడదని 1773లో పాతిన హద్దురాళ్ళలో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో నేటికీ నిలబడి ఉంది. రెండు కోటల నీడన బతికిన ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చెప్పే అవకాశం, వింటున్నవారిలో సగం మంది ఆ పక్కనే ఉన్న జార్జిటౌన్ మీదుగా వచ్చినవారే అయినా, చేజారిపోయింది.

పోయిన తరగతికి డబ్బు వెనక్కి అడిగితే, వచ్చే విడతలో ఒక ఆదివారం ఉచితంగా కూర్చోమన్నారు. ఒప్పుకున్నాను, అది క్యూబా పాఠం రోజే కావాలని, మ్యాపు కొత్తగా వేయించాలని చెప్పి వచ్చాను. చేరదలచినవారు డబ్బు కట్టే ముందే నాలుగు తేదీలూ కాగితం మీద రాయించుకోండి. మోకాళ్ళ నొప్పులవారికి మాత్రం ఆ మెట్లు కష్టమే.